పేరు నుండి చోటుకు: ఊహాయంత్రంలో చలరాశుల కథ

పేరు లేని వస్తువును గురించి ఇద్దరు మాట్లాడుకొనుట కష్టం. అయితే పేరు ఉన్నంత మాత్రాన చిక్కు తీరిపోదు. మా తెలకపల్లి వీధిలో నిలబడి ‘మౌలాలీ’ అని కేక వేస్తే నలుగురైనా వెనుదిరిగి చూస్తారు. అదే ఒక ఇంటిలో తల్లి ‘నడిపోడా’ అని పిలిస్తే ఒక్కడే పలుకుతాడు. ఊరిలో నడిపివారు ఎందరున్నా, ఆ గడప లోపల ఆ పిలుపు ఆ ఒక్కనిదే. ఏ పేరు ఏ గడప లోపల ఎవరికి చెందునో ఎరిగియుండుట ఊరి బ్రతుకులో పెద్ద విద్య. కంప్యూటరుకు ఈ విద్యను ఎట్లు నేర్పినారో, నేర్పిన దానిని ఎన్నిమార్లు దిద్దుకొన్నారో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము తెలుగు బోధించువారము. యంత్రముల లోపలి సంగతి మా పాఠ్యప్రణాళికలో లేదు. అయినా మమ్ము ఈ విషయం వైపు లాగినది ఒక చిన్న జాబితా. ముందుగా దాని కథ చెప్పవలసియున్నది.

ఒక జాబితా కథ

రెండేండ్ల క్రితం మన కళాశాలలో ఆలస్యంగా చేరిన 11 మంది విద్యార్థుల హాజరును విడిగా లెక్కించవలసి వచ్చింది. వీరిలో ఎక్కువమంది వలస కూలీల బిడ్డలు. తల్లిదండ్రులతో పాటు దూరప్రాంతాలకు వెళ్లి, పని ముగిసిన పిమ్మట ఊరికి తిరిగివచ్చి చేరినవారు. చేరిన తేదీ నుండి 40 దినములకు మించి గైర్హాజరైన వారి పేర్లను ఉపకారవేతనపు జాబితాలో చేర్చరాదని అనుకొన్నాము. చివరి సంవత్సరం చదువుచున్న ఒక విద్యార్థి ఉత్సాహంగా ముందుకు వచ్చి, పైథాన్ భాషలో ప్రోగ్రాము వ్రాసి, క్షణంలో ఫలితం తీసి ఇచ్చినాడు. మొదటి నలుగురి ఎదుట ‘అర్హులు’ అనియు, మిగిలిన ఏడుగురి ఎదుట ‘అనర్హులు’ అనియు వచ్చింది.

ఆ కాగితమును చూచి మాలో ఎవ్వరమూ ఆశ్చర్యపడలేదు. ‘ఆలస్యంగా చేరినవారు గదా, సరిగా వచ్చియుండరు’ అని సమాధానపడినాము. యంత్రం చేసిన తప్పునకు మా మనస్సులోని తప్పు సాక్ష్యం పలికింది.

మూడవనాడు ఏడవ సంఖ్య గల అమ్మాయి తండ్రి వచ్చినాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతబట్టుకొని, ‘సారూ, మా బిడ్డ జరమొచ్చిన దినాలు తప్పితె ఒక్క దినం గూడ ఇడువలే. మీ రిజిస్టరు తీసి సూడుండ్రి’ అన్నాడు. రిజిస్టరు తీసి చూచినాము. ఆమె రానిది 4 దినములే. యంత్రమును విప్పి చూడగా ఆమె పేరిట 55 దినములు లెక్కకట్టియున్నది.

ఆ 55 ఎక్కడిది? ఆమెకు ముందున్న ఆరుగురి గైర్హాజరు దినములు వరుసగా 9, 12, 6, 8, 11, 5. వీటి మొత్తం 51. దానికి ఆమె 4 కలిపితే 55. అనగా యంత్రం ఒక్కొక్కరికి కొత్తగా లెక్క మొదలుపెట్టక, ముందువారి పాపమును వెనుకవారి మీద మోపుచు పోయింది. నాలుగవవాని వరకు మొత్తం 35 గనుక అతడు గట్టెక్కినాడు. ఐదవవానితో 46 అయినది గనుక అతనితో మొదలుకొని అందరూ మునిగినారు. జాబితాను పంపక మునుపే ఈ సంగతి బయటపడుట మన అదృష్టం. అయితే ఆ తండ్రి రాకపోయినచో ఏమయ్యెడిది?

తప్పు ఆ విద్యార్థిది అని ఊరకుండవచ్చును. కాని అతడు అలసత్వంతో చేసిన పని కాదది. ‘గైర్హాజరు’ అను పేరును యంత్రం ఏ గడప లోపల వెదకుచున్నదో అతనికి ఎవ్వరూ చెప్పలేదు. ఆ సంగతి తెలియవలెనన్న యంత్రం లోపలికి తొంగిచూడవలె.

ఊహాయంత్రం అనగా ఏమి?

కంప్యూటరులోని లోహయంత్రం తయారీదారును బట్టి మారుతుంది. ఒకదాని ఆజ్ఞలు వేరొకదానికి తెలియవు. ఈ ఇబ్బందిని తప్పించుటకై పండితులు ఒక ఉపాయం పన్నినారు. లోహంతో చేసినది గాక, కేవలం ప్రోగ్రాముగా వ్రాయబడిన ఒక యంత్రమును కల్పించి, మన భాషను ముందు ఆ కల్పిత యంత్రపు ఆజ్ఞలుగా మార్చుట. పిదప ఆ ఆజ్ఞలను అది ఒక్కొక్కటిగా చదివి నెరవేర్చుట. దీనినే వర్చువల్ మెషీన్ అంటారు. మేము ఊహాయంత్రమని పిలుచుచున్నాము. దాని ఆజ్ఞల వరుసకు బైట్‌కోడ్ అని పేరు.

1970వ దశకంలో జూరిక్ నగరమందు నిక్లాస్ విర్త్ బృందం పాస్కల్ భాషకై పి-కోడ్ అను ఇట్టి ఏర్పాటు చేసింది. 1995లో లోకానికి వెల్లడియైన జావా భాష ఈ పద్ధతిని ఇంటింటికి చేర్చింది. మన విద్యార్థులు నేర్చుకొను పైథాన్ భాషను గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో బయటికి విడుదల చేసినాడు. దానికి కూడ లోపల ఒక ఊహాయంత్రం కలదు.

ఇక చలరాశి అనగా ఒక పేరు, ఆ పేరునకు ప్రస్తుతం చెందియున్న విలువ. ప్రోగ్రాము నడుచుచుండగా ఊహాయంత్రం చేయు పనిలో చాల భాగం ఈ పేర్లకు విలువలను తెచ్చుట, పెట్టుటయే. అందుచేత ఈ ఒక్క పనిని మెరుగుపరచినచో భాష మొత్తం మెరుగుపడుతుంది.

మొదటి పద్ధతి: నిఘంటువు

అన్నింటికంటె తేలికైన పద్ధతి నిఘంటువు. కిరాణా దుకాణంలో ఖాతా పుస్తకం ఉన్నట్లు ప్రతి పేరునకు ఎదురుగా దాని విలువను వ్రాసి ఉంచుట. పేరు వచ్చినపుడల్లా పుస్తకం తీయుట, పేరు పట్టుకొనుట, విలువ చదువుట. కంప్యూటరు నిఘంటువు మొదటి పుట నుండి చివరి పుట వరకు వెదకదు. పేరు అక్షరముల నుండి ఒక అంకెను గణించి, ఆ అంకె చూపిన తావునకు పోయి, అక్కడ ఉన్నది ఆ పేరేనా అని సరిపోల్చుకొనును. ఇది వేగమైన పనియే. అయినను ఒక వలయంలో లక్షసార్లు తిరుగు పేరునకు లక్షసార్లు ఈ విచారణ జరుగవలె.

పైథాన్ తొలి రూపంలో ఫంక్షన్ల లోపలి పేర్లకు కూడ ఇదే పద్ధతి ఉండెడిది. ప్రతి ఫంక్షన్‌కు ఒక చిన్న నిఘంటువు. దానిలో లేనిచో మొత్తం ప్రోగ్రాముకు చెందిన పెద్ద నిఘంటువు. అందులోను లేనిచో భాష తనంత తానుగా ఇచ్చు పేర్ల నిఘంటువు. ఇల్లు, ఊరు, దేశం అన్న వరుసలో ఈ వెదకులాట సాగెడిది.

మొదటి మార్పు: పేరునకు బదులు పీట

సంస్థానముల కాలంలో విద్వద్గద్వాల అని కీర్తి పొందిన గద్వాల మనకు ఎంతో దూరం లేదు. అవధానం చూచినవారికి ఈ మార్పును అర్థం చేసికొనుట సులభం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు వరుసగా కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుచు, మరల మొదటివారి వద్దకు వచ్చి రెండవ పాదం ఎత్తుకొనును. ఆయన ‘సమస్య ఇచ్చినవారు ఎవరు, వారి పేరేమి’ అని సభలో వెదకుకొనడు. మూడవ పీట వారి పద్యం ఇంతవరకు వచ్చినదని ఆయన ధారణలో నిలిచియుండును. పీటలు సభకు ముందే నిర్ణయమైనవి గనుక ఇది సాధ్యమగుచున్నది.

పైథాన్ ఊహాయంత్రంలో జరిగిన మొదటి గొప్ప మార్పు ఇదే. ఫంక్షన్‌ను బైట్‌కోడ్‌గా మార్చు దశలోనే దానిలోని స్వంత పేర్లన్నింటిని ఏరి, సున్న మొదలుకొని వరుస సంఖ్యలు ఇస్తారు. ఫంక్షన్ పిలువబడినపుడు ఒక చట్రం ఏర్పడుతుంది. దానిలో పేర్లు ఎన్ని ఉన్నవో అన్ని గదులు. ‘గైర్హాజరు అను పేరును వెదకి తెమ్ము’ అను ఆజ్ఞ పోయి ‘2వ గదిలోనిది తెమ్ము’ అను ఆజ్ఞ వచ్చింది. ఆ ఆజ్ఞ పేరు లోడ్ ఫాస్ట్. పేరు నుండి చోటుకు జరిగిన ప్రయాణమిది.

అయితే ఏ పేరు ఫంక్షన్‌కు స్వంతమో ముందుగా ఎట్లు తెలియును? దానికొక నియమం పెట్టినారు. ఫంక్షన్‌లో ఎక్కడనైన ఒక పేరునకు విలువను కేటాయించినచో, ఆ పేరు ఆ ఫంక్షన్ మొదటి పంక్తి నుండి చివరి పంక్తి వరకు స్వంతమే. బయట అదే పేరుతో వేరొకటి ఉన్నను దానితో సంబంధం లేదు. బయటిదే కావలెనన్న ‘గ్లోబల్’ అని ముందుగా ప్రకటించవలె.

మన విద్యార్థి కష్టం ఇక్కడ మొదలైనది. అతడు ఫంక్షన్ బయట గైర్హాజరును సున్నగా పెట్టినాడు. లోపల ‘గైర్హాజరునకు ఒకటి కలుపుము’ అని వ్రాసినాడు. లోపల కేటాయింపు ఉన్నది గనుక యంత్రం దానిని స్వంత పేరుగా లెక్కించింది. దాని గది ఇంకను ఖాళీ. ఖాళీ గదిలోని దానికి ఒకటి కలుపుట ఎట్లు? ‘ఇంకను విలువ లేని స్వంత చలరాశి’ అని యంత్రం ఫిర్యాదు చేసి ఆగిపోయింది. అది నిజానికి యంత్రం చేసిన హితోపదేశం. అతడు ఎవరినో అడిగి, ‘గ్లోబల్’ అను ఒక్క మాట చేర్చినాడు. ఫిర్యాదు ఆగింది, ప్రోగ్రాము నడిచింది. అయితే అప్పటి నుండి ఇంటి గది పోయి ఊరి కచ్చేరి చావడి వచ్చింది. 11 మంది లెక్కలు ఒకే రచ్చబండ మీద పోగుపడినవి. ఫిర్యాదు ఆగుట వేరు, తప్పు తీరుట వేరు అని మేము ఆనాడు నేర్చుకొన్నాము.

పీటలు ముందే నిర్ణయమై ఉండవలెననగా సభ మధ్యలో కొత్తవారు వచ్చి కూర్చుండరాదు. పైథాన్ 2లో ఇట్టి అవాంతరములు రెండు ఉండెడివి. ఒక గ్రంథంలోని పేర్లన్నింటిని ఫంక్షన్ లోపలికి ఒక్కసారిగా తెచ్చుకొనుట ఒకటి. అక్షరమాలగా ఇచ్చిన ప్రోగ్రామును అప్పటికప్పుడు నడిపించు ‘ఎగ్జెక్’ వాక్యం రెండవది. వీటివలన ఏ పేర్లు పుట్టునో ముందుగా తెలియదు గనుక, అట్టి ఫంక్షన్లలో యంత్రం మరల పాత వెదకులాటకు దిగవలసి వచ్చెడిది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో మొదటిదానిని ఫంక్షన్లలో నిషేధించి, రెండవదానిని వాక్యం నుండి మామూలు ఫంక్షన్‌గా మార్చినారు. కొంత స్వేచ్ఛ పోయినది. బదులుగా ప్రతి ఫంక్షన్‌కు స్థిరమైన పీటలు దక్కినవి.

ఇంకొక సూక్ష్మం. గది ఖాళీగా ఉన్నదా లేదా అని ప్రతిసారి తడిమి చూచుట కూడ ఒక శ్రమయే. 2023లో వచ్చిన పైథాన్ 3.12 నుండి, బైట్‌కోడ్ తయారగునపుడే ‘ఈ స్థలమునకు వచ్చుసరికి ఈ గది తప్పక నిండియుండును’ అని తేల్చుకొన్నచోట తడుముట మానినారు. అనుమానమున్నచోట మాత్రమే తడిమి చూచు వేరు ఆజ్ఞను వాడుచున్నారు.

రెండవ మార్పు: సందూకు

ఇంటి లోపల ఇల్లు ఉన్నట్లు ఫంక్షన్ లోపల ఫంక్షన్ ఉండవచ్చును. పాత పైథాన్‌లో లోపలి ఫంక్షన్‌కు తన గదులు, ఊరి నిఘంటువు మాత్రమే కనిపించెడివి. నడుమనున్న పెద్దింటి పేర్లు కనిపించెడివి కావు. మనుమడికి ఊరి సర్పంచి తెలియును గాని తాత తెలియడన్నట్లుండెడిది. 2001 ఏప్రిల్‌లో వచ్చిన పైథాన్ 2.1లో కోరుకొన్నవారికి, అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన 2.2లో అందరికి ఈ లోపం సవరించినారు.

ఈ సవరణ అనుకొన్నంత సులభం కాదు. పెద్ద ఫంక్షన్ పని ముగించి వెళ్లిపోయిన తరువాత కూడ లోపలి ఫంక్షన్ బ్రతికియుండవచ్చును. పెద్ద ఫంక్షన్‌తో పాటు దాని చట్రము, గదులు కూలిపోవును. అప్పుడు చిన్నదానికి కావలసిన విలువ ఎక్కడ మిగులును?

మన పాలమూరు పల్లెలలో దీనికి జవాబున్నది. తల్లిదండ్రులు వలస పోవునపుడు ఇంటికి తాళం వేస్తారు. అయితే పిల్లలకు కావలసిన పుస్తకములు, కాగితములు ఒక సందూకులో పెట్టి నానమ్మ వద్ద ఉంచుతారు. ఇంటికి తాళం పడినను సందూకు పిల్లల చేతికి అందుచుండును. పైథాన్ చేసినది ఇదే. లోపలి ఫంక్షన్‌కు అవసరమగు పేర్లు ఏవో ముందే గుర్తించి, వాటిని మామూలు గదిలో గాక ‘సెల్’ అను విడి పెట్టెలో ఉంచుతుంది. పెద్దదానికి, చిన్నదానికి ఆ పెట్టె జాడ తెలియును. ఒకరు మార్చినది మరొకరికి కనబడును. చిన్న ఫంక్షన్ ఆ పెట్టెలోని విలువను మార్చదలచినచో ‘నాన్‌లోకల్’ అని ప్రకటించు వీలు 2008లో పైథాన్ 3తో వచ్చింది.

బ్రెజిల్ దేశంలో 1993లో పుట్టిన లువా అను భాష ఇదే చిక్కును వేరొక తీరున విప్పింది. పెద్ద ఫంక్షన్ నడుచుచున్నంతకాలం విలువను దాని గదిలోనే ఉంచి, చిన్నదానికి ఆ గది గుర్తు మాత్రం ఇస్తుంది. పెద్దది వెళ్లిపోవు క్షణంలో విలువను పెట్టెలోనికి తరలిస్తుంది. ఒకరు ప్రయాణానికి నెల ముందే సర్దుకొందురు, మరొకరు బస్సు కదలునపుడు సర్దుకొందురు. ఇద్దరి సామాను భద్రమే.

మూడవ మార్పు: ఊరి పేర్లకు పుట గుర్తు

స్వంత పేర్లకు పీటలు దొరికినను, ఊరి పేర్లకు, అనగా ప్రోగ్రాము మొత్తానికి చెందిన గ్లోబల్ పేర్లకు, నిఘంటువు తప్పలేదు. అవి ఎప్పుడైనను పుట్టవచ్చును, పోవచ్చును గనుక ముందుగా సంఖ్యలు ఇచ్చుటకు వీలు లేదు. ‘ప్రింట్’ వంటి పేరు భాష ఇచ్చిన పేరే అయినను, ముందు ఊరి నిఘంటువులో వెదకి, లేదని తెలిసికొని, పిదప దేశపు నిఘంటువునకు పోవలె.

2019లో వచ్చిన పైథాన్ 3.8లో దీనికి తొలి మందు వేసినారు. 2022 అక్టోబరులో వచ్చిన 3.11లో మార్క్ షానన్ మొదలగువారి ప్రణాళిక ప్రకారం దానిని విస్తరించినారు. అదెట్లన: దుకాణదారు ఒక పేరును తరచుగా చూడవలసి వస్తే ఆ పుట సంఖ్యను మూలన గుర్తు వ్రాసికొనును. దానితోపాటు ఖాతా పుస్తకం ఏ సంవత్సరపు ప్రతియో కూడ వ్రాసికొనును. మరల అవసరమైనపుడు ముందు ప్రతి మారలేదు గదా అని చూచును. మారనిచో నేరుగా ఆ పుటకు పోవును. మారినచో పాత గుర్తును నమ్మక మరల పేరుతో వెదకును. ఊహాయంత్రం కూడ ఇట్లే తరచుగా నడుచు ఆజ్ఞను గమనించి, దాని స్థానంలో ఈ గుర్తును వాడు ప్రత్యేక ఆజ్ఞను పెట్టును. ఎప్పుడైన సరిపోలిక తప్పినచో పాత దారికి మరలును. ఇటువంటి అనేక మార్పుల ఫలితంగా 3.11 రూపం 3.10 కంటె ప్రామాణిక పరీక్షలలో సగటున 1.25 రెట్లు వేగంగా నడిచిందని దాని నిర్మాతలు ప్రకటించినారు.

ఇందులో గ్రహింపదగిన నీతి ఒకటున్నది. గుర్తు పెట్టుకొనుట తెలివి. గుర్తు చెల్లునో లేదో చూచుకొనుట అంతకంటె తెలివి. మేము 11 మంది పిల్లల విషయంలో పాత గుర్తును నమ్మినాము, సరిచూడలేదు.

నాలుగవ మార్పు: గోడ దాటిన పేరు

పైథాన్‌లో ఒక వరుస నుండి మరొక వరుసను ఒకే వాక్యంలో తయారుచేయు పద్ధతి కలదు. పైథాన్ 2లో ఆ వాక్యంలో తాత్కాలికముగా వాడిన పేరు వాక్యం ముగిసిన తరువాత కూడ బయట నిలిచిపోయెడిది. అంతకు ముందే అదే పేరుతో ఒక విలువ ఉన్నచో అది చెరిగిపోయెడిది. అతిథిగా వచ్చినవాడు ఇంటి యజమానిని వెళ్లగొట్టినట్లు. పైథాన్ 3లో ఆ వాక్యమును లోలోపల ఒక చిన్న ఫంక్షన్‌గా మార్చి గోడ కట్టినారు. తప్పు తీరింది గాని ప్రతి వాక్యానికి ఒక ఫంక్షన్‌ను పిలుచు ఖర్చు పడింది. 2023లో 3.12 రూపం ఆ చిన్న ఫంక్షన్‌ను తీసివేసి, పనిని పెద్ద ఫంక్షన్‌లోనే జరిపించి, పాత విలువను ముందుగా దాచి, పని ముగియగానే తిరిగి ఉంచు ఏర్పాటు చేసింది. గోడ కట్టు ఖర్చు లేకుండ గోడ ఇచ్చు మర్యాద నిలిచింది.

వేరొక బాట

పైథాన్, జావా యంత్రములు దొంతర పద్ధతివి. రెండు సంఖ్యలు కూడవలెనన్న మొదటిదానిని దొంతర మీద పెట్టుట, రెండవదానిని పెట్టుట, రెంటిని తీసి కూడుట, ఫలితమును గదిలో వేయుట, ఇట్లు నాలుగు ఆజ్ఞలు. 2003లో వచ్చిన లువా 5.0 దొంతరను విడిచి గదుల పద్ధతికి మారింది. ‘2వ గదిని 3వ గదిని కూడి 1వ గదిలో వేయుము’ అని ఒక్క ఆజ్ఞ చాలును. ఆజ్ఞ పొడవు పెరుగును, సంఖ్య తగ్గును. ఆండ్రాయిడ్ ఫోనులలో తొలి సంవత్సరములలో ఉండిన డాల్విక్ అను ఊహాయంత్రం కూడ ఈ గదుల పద్ధతిదే. ఏ బాట పట్టినను గమ్యం ఒక్కటే: పేరును వెదకు శ్రమను నడక వేళ నుండి తయారీ వేళకు జరుపుట.

మన పేర్లు, మన లిపులు

పేర్లు ఆంగ్లంలోనే ఉండవలెనా అని మన విద్యార్థులు అడుగుతారు. అక్కరలేదు. తెలుగు, ఉర్దూ రెండును యూనికోడ్‌లో ఉన్నవి. 2008లో వచ్చిన పైథాన్ 3 మొదలు చలరాశుల పేర్లను ఆ లిపులలో వ్రాయవచ్చును. ‘మొత్తం’ అని తెలుగులో వ్రాసినను, దాని సాటి మాటను ఉర్దూలో వ్రాసినను యంత్రమునకు అభ్యంతరం లేదు. ఒక్క జాగ్రత్త: పొల్లు తరువాత అక్షరములు కలిసిపోకుండ ఉండుటకై కొందరు కనబడని విడదీత గుర్తును ఉంచుతారు, పేరు మధ్యలో దానిని పైథాన్ అంగీకరించదు.

తెలుగు పేరు పెడితే యంత్రం నిదానించునేమో అను భయం కూడ అవసరం లేదు. ఫంక్షన్ లోపలి పేరు నడక వేళకు 0, 1, 2 అను సంఖ్యగా మారిపోవునని పైన చూచితిమి గదా! గది సంఖ్యకు భాషాభేదం లేదు. అట్లని పేర్ల పట్టికను యంత్రం పారవేయదు. ఎక్కడైన తప్పు జరిగినపుడు ‘2వ గది ఖాళీ’ అని చెప్పదు. ఆ పేరునే చూపి, దానికి విలువ లేదని మనకు తెలియు రీతిలో చెప్పును. పనికి సంఖ్య, మనిషితో మాటకు పేరు. ఈ మర్యాద మన కార్యాలయ రికార్డులకు కూడ ఆదర్శమే.

అసలు ‘హాజరు’, ‘జమ’, ‘వసూలు’ అను మాటలు అరబీ, పారశీకముల నుండి వచ్చి, తెలుగు ఇంటిలో పీట వేసికొని కూర్చున్నవే. ఇప్పుడు వాటిని ఎవ్వరూ అతిథులనుకొనరు. సాంకేతిక పదములు కూడ అర్థమైన నాడు అట్లే మనవి కాగలవు.

ముగింపు

ఆ ప్రోగ్రామును సరిదిద్దుటకు పట్టినది రెండు నిమిషములు. ‘గ్లోబల్’ అను ప్రకటన తీసివేసి, గైర్హాజరును ఫంక్షన్ లోపలనే సున్నతో మొదలుపెట్టి, చివర ఫలితమును బయటికి పంపునట్లు చేసినాము. ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారి కొత్త చట్రం, కొత్త గదులు ఏర్పడును గనుక ఎవరి లెక్క వారి గదిలో మొదలై ముగిసింది. 11 మందియు అర్హులే అని తేలింది. మొదట తప్పు చేసిన విద్యార్థియే పట్టుదలతో ఈ సంగతులన్నింటిని చదివి మాకు బోధించినాడు. ఈ వ్యాసంలోని మంచి అంతా అతనిది, లోపములున్న మావి.

కళాశాల కమిటీ పెద్దలకు సవినయముగా మూడు విన్నపములు. మొదటిది, యంత్రం ఇచ్చు జాబితాలో ‘అర్హులు, అనర్హులు’ అను తీర్పుతో పాటు ఆ తీర్పునకు ఆధారమైన అంకెను కూడ ముద్రింపవలె. 55 అను అంకె కాగితం మీద ఉండినచో ఆనాడే పట్టుబడియుండెడిది. రెండవది, ఏ జాబితానైనను గోడకు అంటించు మునుపు మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు రిజిస్టరుతో చేతిలెక్క కట్టి సరిచూడవలె. మూడవది, ప్రయోగశాలలో ప్రోగ్రాము నడిచినదా అని మాత్రమే గాక ఎందుకు నడిచినదో తెలుగులోనో ఉర్దూలోనో నాలుగు వాక్యములు వ్రాయించవలె. కొత్త యంత్రముల కొనుగోలు కంటె ఇది ఖర్చు లేని పని.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు వ్రాయు ప్రతి పేరు వెనుక ఒక గది ఉన్నది. ఆ గది ఎవరి ఇంటిలోనిదో అడిగి తెలిసికొనండి. కొన్నిచోట్ల ఆ గదిలో ఉన్నది కేవలం అంకె కాదు, జ్వరం వచ్చిన నాలుగు దినములు తప్ప ఏనాడూ బడి మానని ఒక అమ్మాయి చదువు.